హిస్టిరోస్కోపీ సర్జరీలో ఫ్లూయిడ్ లెక్క తప్పకుండా ఎలా చూసుకోవాలి

"నేల మీద పోయి ఉంటుందిలే మేడమ్." థియేటర్‌లో ఈ మాట వినపడితే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఎనస్థీషియాలో కొత్తగా చేరిన రోజుల్లో సరిగ్గా ఈ మాటే విన్నాను. ఒకావిడకి గర్భాశయం లోపలి ఫైబ్రాయిడ్‌ని (కండరపు గడ్డని) హిస్టిరోస్కోప్‌తో, అంటే యోని గుండా గర్భాశయంలోకి పంపే కెమెరా గొట్టంతో చూస్తూ, కోసి తీస్తున్నారు. నడుము కింది భాగానికే మత్తు వచ్చే స్పైనల్ ఇంజెక్షన్ ఇచ్చాం, మెలకువగానే ఉంది. లోపల కనపడేలా గర్భాశయంలోకి ఎక్కించే గ్లైసిన్ ద్రవం బ్యాగులు ఒకదాని తర్వాత ఒకటి ఖాళీ అయ్యాయి. లోపలికి వెళ్ళినదానికీ బయటికి వచ్చినదానికీ తేడా రెండు లీటర్లు దాటింది. నేలంతా తడిగా ఉంది కదా అని అందరం కిందికి చూసి ఊరుకున్నాం. పది నిమిషాలయ్యాక ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "డాక్టరమ్మా, లైట్లు మసగ్గా కనపడుతున్నాయేంటి?" అంది. రక్తం పంపిస్తే, మామూలుగా 140 దగ్గర ఉండాల్సిన సోడియం 118 వచ్చింది. రెండు రోజులు ఐసీయూలో ఉండి, కోలుకుని ఇంటికెళ్ళింది. ఆ రోజు నుంచి నాది ఒకటే మాట: లెక్కకు రాని ఫ్లూయిడ్ అంతా పేషెంట్ ఒంట్లోనే ఉన్నట్టు.

కొత్తగా ఈ సర్జరీలు మొదలుపెట్టిన గైనకాలజిస్టులకు, తల దగ్గర నిలబడే ఎనస్థీషియా వాళ్ళకు, అందరికంటే ముందు బ్యాగులు మార్చే సిస్టర్లకు ఇది రాస్తున్నాను. పేషెంట్‌ని కాపాడే అంకె చాలాసార్లు వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది.

అసలు నీరు ఒంట్లోకి ఎలా పోతుంది

గర్భాశయం గోడలు మామూలుగా ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి. లోపల ఏముందో కనపడాలంటే ఒత్తిడితో ఫ్లూయిడ్ ఎక్కించి వాటిని విడదీయాలి. ఊరికే చూసి వచ్చేటప్పుడు పెద్ద భయం లేదు. కొయ్యడం మొదలుపెట్టాక కథ మారుతుంది. కరెంటుతో కోసే తీగ, అంటే లూప్, కండరంలోకి దిగినప్పుడు అక్కడి సిరలు నోళ్ళు తెరుస్తాయి. సిరల్లో ఒత్తిడి చాలా తక్కువ, మనం ఎక్కిస్తున్న ఫ్లూయిడ్ ఒత్తిడి దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. ఇక నీరు నేరుగా రక్తంలోకి వెళ్ళిపోతుంది. కొంత గర్భాశయం పక్కనుండే ఫాలోపియన్ ట్యూబుల గుండా పొట్టలోకి కూడా చేరుతుంది, కానీ అసలు దారి సిరలే. పెద్ద సిర ఒక్కటి తెగితే నిమిషాల్లో వందల మిల్లీలీటర్లు పోతాయి, మానిటర్ మీద ఏ గుర్తూ కనపడదు. అందుకే లక్షణాలు కనపడేదాకా ఆగే పద్ధతి ఇక్కడ పనికిరాదు. అంకె చూసి ఆపాలి.

ముందు రోజే చెయ్యాల్సినవి

సోడియం, పొటాషియం, క్రియాటినిన్, హిమోగ్లోబిన్ చేయించండి. మొదటి సోడియం ఎంతో తెలియకపోతే తర్వాత వచ్చిన అంకెను దేనితో పోల్చుకుంటారు? బీపీకి థయజైడ్ మాత్రలు వేసుకునేవాళ్ళకి సోడియం ముందే తక్కువగా ఉండొచ్చు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, వయసు పైబడినవాళ్ళు, బాగా తక్కువ బరువున్నవాళ్ళు నీటి భారాన్ని తట్టుకోలేరు. వాళ్ళ పేర్ల పక్కన ఆ రోజే గుర్తు పెట్టుకోండి.

తర్వాత స్కాన్ చూడండి. ఫైబ్రాయిడ్ పూర్తిగా కుహరంలోకి వేలాడుతుంటే సున్నా రకం, సగానికి పైగా కుహరంలో ఉంటే ఒకటో రకం, సగమో అంతకంటే ఎక్కువో కండరంలో పాతుకుని ఉంటే రెండో రకం. రెండో రకం పెద్దదిగా ఉంటే ఎక్కువసేపు కొయ్యాలి, లోతుగా వెళ్ళాలి, ఎక్కువ సిరలు తెరుచుకుంటాయి. ఒకే సిట్టింగ్‌లో తీసేయాలన్న పట్టుదల పెట్టుకోకండి.

కన్సెంట్ తీసుకునేటప్పుడు పేషెంట్‌తో ఈ మాట సూటిగా చెప్పండి: "అమ్మా, లోపలికి పంపే నీరు ఒంట్లోకి ఎక్కువగా వెళ్తుంటే మధ్యలోనే ఆపేస్తాం. మిగతాది కొన్ని వారాల తర్వాత ఇంకోసారి చేస్తాం. అలా ఆపితే ఆపరేషన్ ఫెయిలైనట్టు కాదు, మీ మంచికే ఆపినట్టు." ఈ మాట ముందే అనుకుని ఉంటే, థియేటర్‌లో ఆపాల్సి వచ్చినప్పుడు సర్జన్ చెయ్యి తటపటాయించదు. సగంలో వదిలేస్తే ఏమనుకుంటారో అన్న మొహమాటమే హద్దు దాటించడం నేను చాలాసార్లు చూశాను.

రుతుస్రావం ఇంకా వచ్చే వయసువాళ్ళకి, ఫైబ్రాయిడ్ పెద్దదైతే, కొన్ని వారాల ముందు నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ (ఈస్ట్రోజెన్‌ని తగ్గించే హార్మోన్) ఇంజెక్షన్ ఇస్తే లోపలి పొర పలచబడి, రక్తనాళాలు తగ్గి, ఫ్లూయిడ్ పీల్చుకోవడం కొంత తగ్గుతుంది. అందరికీ అవసరం లేదు.

ఏ ఫ్లూయిడ్ వాడుతున్నారో తేల్చుకోండి

వాడే కరెంటును బట్టి ఫ్లూయిడ్ ఉంటుంది. కరెంటు పేషెంట్ ఒంటి గుండా వెళ్ళి ఒంటికి అంటించిన ప్లేటు ద్వారా తిరిగొచ్చే మోనోపోలార్ లూప్‌కి ఉప్పు లేని ద్రవమే కావాలి, ఉప్పు నీటిలో కరెంటు చెదిరిపోయి కోత పడదు. అందుకే గ్లైసిన్ 1.5 శాతం, సార్బిటాల్ 3 శాతం, మానిటాల్ 5 శాతం లాంటివి వాడతారు. కరెంటు లూప్ దగ్గరే తిరిగొచ్చే బైపోలార్ లూప్, ఫైబ్రాయిడ్‌ని తురిమి పీల్చేసే మెషీన్లు మామూలు సెలైన్‌లోనే (ఉప్పు నీటిలోనే) పనిచేస్తాయి.

అవకాశం ఉంటే బైపోలార్, సెలైన్ ఎంచుకోండి. ఎందుకో చెప్తాను. గ్లైసిన్ 1.5 శాతం ఆస్మొలాలిటీ (ద్రవంలో కరిగిన పదార్థాల గాఢత) 200 దగ్గర ఉంటుంది, మన రక్తానిది 285 చుట్టూ. ఒక లీటరు గ్లైసిన్ రక్తంలో కలిస్తే సోడియం సుమారు 10 పాయింట్లు పడిపోతుంది. 140 ఉన్నావిడ 130కి వస్తుంది, రెండు లీటర్లు పోతే 120కి. రక్తం పలచబడితే నీరు మెదడు కణాల్లోకి దూరుతుంది, మెదడు వాస్తుంది. పుర్రె సాగదు కాబట్టి ఆ వాపుకి చోటు లేదు. గ్లైసిన్‌కి ఇంకో గుణం కూడా ఉంది. అది రెటీనాలో సంకేతాలను అణిచే పదార్థం, అందుకే చూపు మసకబారుతుంది. విరిగాక దాని నుంచి అమ్మోనియా కూడా పుడుతుంది.

రుతుస్రావం ఆగని వయసు ఆడవాళ్ళలో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నీరు లోపలికి దూరినప్పుడు మెదడు కణాలు సోడియంను బయటికి తోడి వాపును తగ్గించుకుంటాయి. ఈస్ట్రోజెన్ ఆ తోడే పంపును నెమ్మదింపజేస్తుంది. ఆపరేషన్ తర్వాత సోడియం పడిపోయి మెదడు దెబ్బతిన్న వాళ్ళ మీద 1992లో వచ్చిన పరిశీలనలో, మగవాళ్ళతో పోలిస్తే ఈ వయసు ఆడవాళ్ళకి చావో శాశ్వత నష్టమో జరిగే అవకాశం సుమారు 25 రెట్లు ఎక్కువని తేలింది. మన టేబుల్ మీద పడుకునేది ఎక్కువగా ఈ వయసువాళ్ళే.

మానిటాల్ 5 శాతం రక్తంతో దాదాపు సమానమైన ఆస్మొలాలిటీతో ఉంటుంది కాబట్టి మెదడు వాపు భయం కొంత తక్కువ, కానీ సోడియం అందులోనూ లేదు. దాన్ని కూడా గ్లైసిన్ హద్దులోనే పెట్టండి. డెక్స్‌ట్రాన్ లాంటి చిక్కటి ద్రవాలు ఇప్పుడు దాదాపు ఎవరూ వాడట్లేదు.

సెలైన్ అయితే సోడియం పడదు. ఇక్కడే చాలామంది నిశ్చింతగా ఉండిపోతారు. నాలుగైదు లీటర్ల సెలైన్ రక్తంలోకి వెళ్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, ముఖం, మెడ, గొంతు వాస్తాయి, క్లోరైడ్ పెరిగి రక్తం ఆమ్లంగా మారుతుంది, రక్తం గడ్డకట్టే శక్తి పలచబడుతుంది. మెదడుకి గండం తప్పుతుంది గానీ ప్రాణానికి తప్పదు.

హద్దును కత్తి పెట్టకముందే బోర్డు మీద రాయండి

హద్దు అంటే, లోపలికి వెళ్ళినదానికీ బయటికి వచ్చినదానికీ తేడా (దీన్నే డెఫిసిట్ అంటాం) ఎంతకు చేరితే ఆపాలో ఆ అంకె. ఆరోగ్యంగా ఉన్న, పిల్లలు పుట్టే వయసున్న ఆవిడకి గ్లైసిన్ లాంటి ఉప్పు లేని ద్రవమైతే 1000 మి.లీ., సెలైన్ అయితే 2500 మి.లీ. అంతర్జాతీయ గైనకాలజీ ఎండోస్కోపీ మార్గదర్శకాల్లో ఉన్న హద్దులివే. వయసు పైబడినా, గుండె, కిడ్నీ జబ్బులున్నా వీటిని 750కి, 1500కి తగ్గించండి.

థియేటర్ గోడ మీది బోర్డు మీద మూడు మాటలు పెద్ద అక్షరాలతో రాయించండి: ఫ్లూయిడ్ పేరు, హెచ్చరిక అంకె, ఆపే అంకె. గ్లైసిన్‌కి నేనైతే 500 దగ్గర హెచ్చరిక, 750 దగ్గర రక్తం పంపడం, 1000 దగ్గర ఆపడం అని రాయిస్తాను. సెలైన్‌కి 1500 దగ్గర హెచ్చరిక, 2500 దగ్గర ఆపడం. ఆపరేషన్ మొదలయ్యే ముందు టైమౌట్‌లో, అంటే అందరూ ఆగి వివరాలు సరిచూసుకునేటప్పుడు, సర్జన్, ఎనస్థీషియా డాక్టర్, సిస్టర్ ముగ్గురూ ఆ అంకెను పైకి చదవాలి. ముగ్గురి నోటా పలికిన అంకెను మధ్యలో ఎవరూ తమకు తాముగా జరపలేరు.

ఒత్తిడి: ఎంత తక్కువైతే అంత మంచిది

బ్యాగును గర్భాశయం కంటే ఒక మీటరు ఎత్తులో వేలాడదీస్తే సుమారు 73 మి.మీ. మెర్క్యురీ ఒత్తిడి వస్తుంది. మీటరున్నర ఎత్తులో అయితే 110 దాకా. మామూలుగా 70 నుంచి 80తోనే లోపల బాగా కనపడుతుంది. కనపడకపోతే వెంటనే ఒత్తిడి పెంచకండి. ముందు బయటికి వచ్చే దారి తెరిచి ఉందా, సక్షన్ పనిచేస్తోందా, రక్తం, ముక్కలు అడ్డుపడ్డాయా చూడండి. పదిసార్లలో ఎనిమిదిసార్లు సమస్య అక్కడే ఉంటుందని నా అనుభవం.

ఒత్తిడి పేషెంట్ సగటు రక్తపోటు కంటే కింద ఉండాలన్నది నియమం. ఇక్కడ ఒక చిక్కుంది. స్పైనల్ ఇచ్చాకో, పూర్తి మత్తు ఇచ్చాకో బీపీ పడిపోతుంది. మొదట్లో సగటు 90 ఉన్నప్పుడు 80 ఒత్తిడి సరిపోయింది. ఇప్పుడు సగటు 65 అయితే అదే 80 ఎక్కువైపోయింది. అందుకని బీపీ పడినప్పుడు ఎనస్థీషియా డాక్టర్ ఆ విషయం సర్జన్‌కి చెప్పాలి, సర్జన్ పంపు తగ్గించాలి. ఈ ఒక్క మాట ఇద్దరి మధ్యా నడవకపోవడం వల్ల పోయే ఫ్లూయిడ్ తక్కువేం కాదు.

గర్భాశయ ముఖంలోకి, రక్తనాళాలను బిగించే వాసోప్రెసిన్ మందును పలచన చేసి ఇస్తే సిరలు ముడుచుకుని ఫ్లూయిడ్ పోవడం తగ్గుతుంది. 20 యూనిట్ల ఆంపూల్‌ని 400 మి.లీ. సెలైన్‌లో కలిపితే మి.లీ.కి 0.05 యూనిట్లు అవుతుంది. అందులో 20 మి.లీ.కి మించకుండా, ప్రతిసారీ సిరంజి వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకుని ఇవ్వాలి. ఇచ్చే ముందు తల దగ్గరున్న డాక్టర్‌కి గట్టిగా చెప్పండి. రక్తనాళంలోకి వెళ్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకి, గుండె నెమ్మదించి, ఆగిపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ట్యూబులో గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా ముందే వదిలేయండి. తల కిందికి వంచే పొజిషన్ పెట్టకండి. గర్భాశయం గుండె కంటే ఎత్తులో ఉంటే తెరుచుకున్న సిరల్లోకి గాలి లాక్కుంటుంది.

లెక్క పెట్టడం ఎలా

మొదటిది, ఒకే మనిషి, ఒకే పని. ఫ్లూయిడ్ లెక్క చూసే సిస్టర్‌కి ఆ గంటసేపు ఇంకో పని చెప్పకండి. "సిస్టర్, ఆ సూచర్ ఒకటి తెచ్చిపెట్టు" అని పంపిస్తే, ఆమె తిరిగొచ్చేలోపు ఒక బ్యాగు ఖాళీ అయి ఇంకోటి ఎక్కి ఉంటుంది. ఎన్నో బ్యాగో ఎవరికీ గుర్తుండదు.

రెండోది, పిరుదుల కింద పౌచ్ (ద్రవం పడే సంచి) ఉన్న డ్రేప్ (ఆపరేషన్ షీటు) సరిగ్గా అంటించండి. కొంచెం కూడా ఊడకుండా. దాని గొట్టం నేరుగా సక్షన్ జార్‌లోకి వెళ్ళాలి. ఇది సరిగ్గా ఉంటే "నేల మీద పోయింది" అనే మాటే పుట్టదు. అయినా కింద పడితే తుడిచిన షీట్లను తూకం వేయండి. ఒక గ్రాము అంటే ఒక మి.లీ. పొడి షీట్ల బరువు ముందే రాసి పెట్టుకోవాలి.

మూడోది, బ్యాగు మీద రాసిన అంకెను నమ్మకండి. మూడు లీటర్ల బ్యాగులో మూడు లీటర్ల కంటే కొంచెం ఎక్కువే నింపి ఉంటుంది. నాలుగు బ్యాగులు వాడితే ఆ కొంచెం కొంచెం కలిసి కొన్ని వందల మి.లీ. అవుతుంది, ఆ మేరకు అసలు తేడా మన లెక్క కంటే ఎక్కువన్న మాట. వేలాడదీసే తూకం యంత్రం మీద బ్యాగును ఎక్కించే ముందు, దింపాక తూయడం మంచిది. జార్‌లో రక్తం కూడా కలిసి ఉంటుందని మరిచిపోవద్దు. అది తిరిగొచ్చిన ఫ్లూయిడ్‌ని ఎక్కువగా చూపిస్తుంది. అంటే ఇక్కడ కూడా తప్పు అదే వైపు జరుగుతుంది.

ఒక లెక్క చేసి చూపిస్తాను. మొదటి బ్యాగు తూకం ప్రకారం 3100 మి.లీ. లోపలికి వెళ్ళింది. రెండో బ్యాగు ఎక్కించినప్పుడు 3.2 కిలోలు, ఇప్పుడు 2.1 కిలోలు, అంటే 1100 మి.లీ. వెళ్ళింది. మొత్తం 4200. సక్షన్ జార్లలో 2500, పౌచ్‌లో మిగిలింది 800. షీట్లు పొడిగా 400 గ్రాములు, ఇప్పుడు 650, అంటే 250 మి.లీ. బయటికి వచ్చింది మొత్తం 3550. తేడా 650. సిస్టర్ ఇక్కడ ఆగకూడదు. పది నిమిషాల క్రితం తేడా 350 ఉంది. అంటే పది నిమిషాల్లో 300 పోయింది. గ్లైసిన్ వాడుతుంటే ఇదే వేగంతో ఇంకో 12 నిమిషాల్లోపే 1000కి చేరతారు. సర్జన్‌కి కావాల్సిన అంకె ఇదే. "డెఫిసిట్ 650 డాక్టర్, పది నిమిషాల్లో 300 పోయింది" అని చెప్తే, ఇంకెంతసేపు కొయ్యొచ్చో ఆయనకి వెంటనే అర్థమవుతుంది.

పది నిమిషాలకోసారి ఇలా పైకి చెప్పాలి. కోత లోతుగా వెళ్తున్నప్పుడు ఐదు నిమిషాలకోసారి. బోర్డు మీద టైముతో సహా రాయాలి. సర్జన్ "విన్నాను, 650" అని తిరిగి పలకాలి. పలకకపోతే సిస్టర్ మళ్ళీ చెప్పాలి, గొంతు పెంచి చెప్పినా తప్పులేదు. వయసులో చిన్న సిస్టర్ పెద్ద సర్జన్‌కి "ఆపండి డాక్టర్, హద్దు వచ్చింది" అని చెప్పగలిగే వాతావరణం ఆ థియేటర్‌లో ఉండాలి. అది సర్జన్ తన చేత్తో తయారుచేయాల్సిన వాతావరణం. మొదట్లోనే "సిస్టర్, అంకె నీది, ఆపమంటే ఆపేస్తాను" అని అందరి ముందూ ఒక్క మాట అంటే చాలు.

లెక్క తానే చూసుకునే ఆటోమేటిక్ మెషీన్ ఉంటే అదృష్టమే. బరువును నిమిషం నిమిషం తూచి తేడా చూపిస్తుంది, అలారం మోగిస్తుంది. కానీ అలారం మోగిన ప్రతిసారీ "లీకేజీ అయ్యుంటుంది" అని నొక్కేస్తే ఆ మెషీన్ ఉన్నా లేనట్టే. లీకేజీ కళ్ళకు కనపడి, తూకంలోకి వస్తేనే లీకేజీ.

అకస్మాత్తుగా లోపల ఒత్తిడి నిలవకుండా, తేడా ఒక్క దూకున పెరిగితే గర్భాశయానికి చిల్లు పడిందేమో చూడండి. వెంటనే కరెంటు ఆపండి.

తల దగ్గర నిలబడేవాళ్ళు ఏం చూడాలి

స్పైనల్‌లో ఉన్న పేషెంట్ మనకు దొరికిన అతి మంచి మానిటర్. మాట్లాడిస్తూ ఉండండి. వాంతి వచ్చేలా ఉందనడం, తలనొప్పి, ఆవులింతలు, చిరాకు, ఊరికే కదలడం, అడిగినదానికి సంబంధం లేని జవాబు, చూపు మసక, ఇవన్నీ మెదడు వైపు నుంచి వచ్చే కబుర్లు. టెన్షన్ పడుతోందనుకుని మత్తు మందు ఇచ్చి పడుకోబెట్టేస్తే ఆ కబురు అందే దారి మూసేసినట్టే. ముందు డెఫిసిట్ అడగండి, తర్వాత మందు సంగతి.

సోడియం 130 నుంచి 135 మధ్య ఉంటే వికారం, నలత ఉండొచ్చు. 125 కిందకు వస్తే తలనొప్పి, మగత, తికమక. 120 కంటే తక్కువైతే ఫిట్స్, కోమా, ఊపిరి ఆగిపోవడం. ఈ మెట్లు అందరిలో ఇదే వరుసలో రావు. వేగంగా పడితే మొదటి గుర్తే ఫిట్స్ కావొచ్చు.

పూర్తి మత్తులో ఉంటే ఇవేమీ కనపడవు. ఊపిరితిత్తుల్లోకి గాలి పంపే ఒత్తిడి పెరగడం, ఆక్సిజన్ శాతం మెల్లగా జారడం, ఒళ్ళు చల్లబడటం, బీపీ పెరిగి గుండె నెమ్మదించడం, కనురెప్పలు, ముఖం ఉబ్బడం చూసుకోవాలి. డ్రేప్ ఎత్తి ముఖం చూడండి. అరగంటకోసారి చూస్తే సగం సమస్య ముందే పట్టేస్తాం. ఊపిరిలో బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ ఒక్కసారిగా పడిపోతే అది నీటి భారం కాదు, రక్తంలోకి గాలి ఎక్కిందని అనుమానించాలి.

మన చేత్తో ఎక్కించే ఐవీ ఫ్లూయిడ్స్‌ని కూడా అదుపులో పెట్టుకోవాలి. స్పైనల్‌కి ముందు లీటర్లు లీటర్లు ఎక్కించే అలవాటు ఈ ఆపరేషన్‌లో వద్దు. బీపీ పడితే నాళాలను బిగించే మందుతో సరిచేయండి.

హద్దు వచ్చింది, లేదా పేషెంట్‌లో తేడా కనపడింది

ముందు ఇన్‌ఫ్లో ఆపి స్కోప్ బయటికి తీసేయండి. "ఇంకొక్క ముక్క" వద్దు. రక్తం కారుతుంటే గర్భాశయంలో ఫోలీ బెలూన్ పెట్టి ఉబ్బించి నొక్కిపెట్టవచ్చు. సహాయానికి ఇంకొకరిని పిలవండి. తల వైపు కొంచెం ఎత్తండి, ఆక్సిజన్ పెంచండి, ఐవీ ఫ్లూయిడ్స్ ఆపండి, మూత్రానికి క్యాథెటర్ వేసి గంట గంటకూ కొలవండి. రక్తంలో సోడియం, పొటాషియం, క్లోరైడ్, షుగర్, హిమోగ్లోబిన్, రక్తం గడ్డకట్టే పరీక్షలు, ధమని రక్తంలో గ్యాసులు పంపండి. గ్యాస్ మెషీన్ పక్కనే ఉంటే సోడియం రెండు నిమిషాల్లో తెలుస్తుంది.

ఇక్కడ దారి రెండుగా చీలుతుంది. అందుకే ఎవరైనా పరుగెత్తుకుని సాయానికి వస్తే మొదట చెప్పాల్సింది: ఏ ఫ్లూయిడ్, ఎంత పోయింది.

గ్లైసిన్ లాంటిది అయి, సోడియం పడి, వాంతులు, తికమక, మగత, ఫిట్స్ ఏవైనా ఉంటే 3 శాతం సెలైన్ 100 మి.లీ. పది నిమిషాల్లో ఇవ్వండి. మెరుగుపడకపోతే ఇంకో రెండుసార్లు అలాగే ఇవ్వొచ్చు. మంచి లావు సిర ఉంటే చేతికే ఇవ్వొచ్చు, సెంట్రల్ లైన్ కోసం ఆగొద్దు. సోడియం 4 నుంచి 6 పాయింట్లు పెరిగితే మెదడు వాపు దిగడానికి సాధారణంగా అది చాలు. ఆ తర్వాత తొందర వద్దు. 24 గంటల్లో మొత్తం పెరుగుదల 8 నుంచి 10 దాటకుండా చూసుకోండి. ఫిట్స్ ఉంటే మిడజోలామ్ లాంటి మందు ఇచ్చి, ఊపిరి దారి కాపాడాలి. 5 శాతం డెక్స్‌ట్రోజ్ దగ్గరికే రానివ్వకండి. అది అగ్నిలో ఆజ్యం. చూపు పోయిందని ఏడుస్తుంటే పక్కన కూర్చుని ధైర్యం చెప్పండి, గ్లైసిన్ వల్ల పోయిన చూపు మామూలుగా 24 గంటల్లో తిరిగొస్తుంది.

సెలైన్ అయితే 3 శాతం సెలైన్‌తో పనిలేదు, ఇస్తే భారం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ పోరాటం ఊపిరితిత్తులతో. ఫ్యూరోసిమైడ్ 20 నుంచి 40 మి.గ్రా. సిరలోకి ఇవ్వండి, బీపీ బాగుంటేనే. గ్లైసిన్ కేసులో కూడా ఊపిరితిత్తుల్లో నీరుంటే ఇది అవసరమే. మాస్క్‌తో ఒత్తిడి పెట్టి ఆక్సిజన్ ఇవ్వండి. ఊపిరి గొట్టం వేసి ఉంటే తీయడానికి తొందరపడకండి. ముఖం, నాలుక ఉబ్బి ఉంటే గొంతు కూడా ఉబ్బే ఉంటుంది. గొట్టం చుట్టూ ఉండే కఫ్‌లో (చిన్న బెలూన్‌లో) గాలి తీసినప్పుడు పక్క నుంచి గాలి లీకవుతుందో లేదో చూసుకుని, లీకవ్వకపోతే ఐసీయూకి గొట్టంతోనే పంపండి. క్లోరైడ్ వల్ల వచ్చిన ఆమ్లత మూత్రం బాగా వస్తే దానంతటదే సర్దుకుంటుంది. పొట్ట బిర్రుగా ఉంటే లోపల ఎంత నీరుందో అల్ట్రాసౌండ్‌తో చూడండి.

3 శాతం సెలైన్ సీసా థియేటర్‌లోనే ఉందా లేదా అన్నది ఇప్పుడు కాదు, పొద్దున్నే చూసుకోవాలి.

ఆ రాత్రి, ఆ తర్వాత

హద్దు దాటినవాళ్ళని, లక్షణాలు లేకపోయినా, ఆ రోజు ఇంటికి పంపకండి. పొట్టలో మిగిలిన గ్లైసిన్ గంటల తరబడి రక్తంలోకి చేరుతూనే ఉంటుంది. బయటపడ్డాం అనుకున్నాక సోడియం మళ్ళీ పడొచ్చు. లక్షణాలుంటే గంట, రెండు గంటలకోసారి, లేకపోతే నాలుగు గంటలకోసారి సోడియం చూడండి, వరుసగా నిలకడగా వచ్చేదాకా.

ఆపరేషన్ నోట్స్‌లో ఫ్లూయిడ్ పేరు, లోపలికి ఎంత, బయటికి ఎంత, తేడా ఎంత, ఏ నిమిషాన ఆపారు, ఎందుకు ఆపారు అన్నీ రాయండి. బోర్డు తుడిచేలోపు దాన్ని ఫోటో తీసి కేస్ షీట్‌కి జతచేయించడం నాకు అలవాటు, పేషెంట్ పేరు అందులో పడకుండా. పేషెంట్ పూర్తిగా తేరుకున్నాక, ఇంటివాళ్ళ ముందు, జరిగింది జరిగినట్టు మీరే చెప్పండి. ఫైబ్రాయిడ్‌లో ఎంత మిగిలింది, మళ్ళీ ఎప్పుడు స్కాన్ చెయ్యాలి, రెండో సిట్టింగ్ ఎప్పుడు అన్నది కాగితం మీద రాసివ్వండి. ఆ కాగితం మీదే ఈసారి వాడిన ఫ్లూయిడ్ పేరు, డెఫిసిట్ అంకె కూడా ఉండాలి. రెండోసారి ఆమె ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా వాళ్ళు మొదట వెతికేది ఆ అంకె కోసమే.